సుగర్ లేదు, బీపీ లేదు, కిడ్నీ జబ్బు మాత్రం ఉంది

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఇంటి చుట్టూ కొబ్బరి తోటలు, కాస్త ఎగువకి వెళ్తే జీడిమామిడి. ఉద్దానం అనే మా ప్రాంతానికి పచ్చదనంతో వచ్చిన పేరు ఒకటి, కిడ్నీ జబ్బుతో వచ్చిన పేరు ఇంకొకటి. మా వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారు. అందుకే ఊళ్లో క్యాంపు పెడితే నాన్న కూడా వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాడు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 2.1 వచ్చింది. మామూలుగా 1.2 దాటకూడదు. నాన్నకి 58 ఏళ్లు.

"నాకేటి రోగంరా? సుగర్ నేదు, బీపీ నేదు. రెండు పూటలా తింటన్నాను, తోట పని చేసుకుంటన్నాను" అని ఆ కాగితం నా చేతిలో పెట్టేశాడు. చుట్టాలేమో అప్పుడే డయాలసిస్ మాటలు మొదలెట్టారు. నాకు రెండువైపులా టెన్షన్.

విశాఖలో నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టరు) మేడమ్ ఆ నంబరు చూసి ఏమీ తేల్చలేదు. జ్వరమొచ్చినా, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ కొన్నాళ్లు పెరిగి మళ్లీ దిగుతుందట. మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. "పాత రిపోర్టులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. అమ్మ బీరువాలో చీరల కింద దాచిన కాగితాల్లో మూడేళ్ల కిందటిది దొరికింది: 1.4. అప్పుడు చూసినాయన "బోర్డర్‌లో ఉంది, ఏం పర్లేదు" అని పంపించేశాడట.

ఆ 1.4 దగ్గరే మేడమ్ ఆగారు. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని బయటికి పంపేది కిడ్నీలు. వాటి శక్తి దాదాపు సగం పోయేదాకా ఈ నంబరు పెద్దగా కదలదు. అందుకే వయసు, ఆడా మగా అన్నది కూడా కలిపి, కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్క కడతారు. అది 90 పైన ఉంటే మంచిది, 15 కిందికి పడితే డయాలసిస్ సంగతి ఆలోచించాలి. ఆ లెక్కన నాన్నది మూడేళ్ల కిందటే 60 లోపు ఉంది, ఇప్పుడు 36. అంటే మూడో దశ. చుట్టాలు భయపెట్టినంత లేదు, నాన్న అనుకున్నంత తేలికా కాదు.

తర్వాత మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని పరీక్ష. ఇందులో నాన్నకి దాదాపు ఏమీ లేదు. నేను సంతోషపడబోతే మేడమ్ ఆపి, బొమ్మ గీసి చూపించారు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గొట్టాలు, ఒక్కో గొట్టం మొదట్లో ఒక జల్లెడ. రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, పనికొచ్చే నీరూ ఉప్పూ తిరిగి రక్తంలోకి లాక్కుని, ఒకటిన్నర రెండు లీటర్లే బయటికి వదులుతాయి. సుగర్ ఎక్కువకాలం అదుపులో లేకపోతే ముందు దెబ్బతినేది ఆ జల్లెడ, అందుకే ప్రొటీన్ కారిపోతుంది. ఉద్దానం జబ్బు జల్లెడ తర్వాత ఉండే గొట్టాల్ని, వాటి చుట్టుపక్కల భాగాన్ని తింటుంది. కాబట్టి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లు వాయవు, మొదట్లో బీపీ కూడా పెరగదు. మనిషి తోట పని చేసుకుంటూనే ఉంటాడు.

స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ 8 సెంటీమీటర్ల చిల్లర. 10కి అటూ ఇటూ ఉండాలి. ఇంతగా కుంచించుకుపోయాక ముక్క తీసి పరీక్షించినా లాభం తక్కువని బయాప్సీ వద్దన్నారు.

"మరి నాకే ఎందుకొచ్చింది?" అని నాన్న అడిగాడు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని అన్నారు, జన్యువులన్నారు. ఏ ఒక్కటీ ఇదే అని తేలలేదు. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉందట. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. జవాబు మాత్రం ఇంకా రాలేదు.

కారణం తెలియకపోయినా మానాల్సినవి తెలుసు. మొదటిది నొప్పి మాత్రలు. నడుం పట్టేస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ వేసుకోవడం మా వైపు మామూలే. కిడ్నీకి రక్తం అందించే నాళాల్ని అవి బిగుసుకునేలా చేస్తాయి. అసలే ఒంట్లో నీరు తగ్గి ఉంటే దెబ్బ రెట్టింపు. ఆకుపసరు మందులూ వద్దన్నారు. ఉప్పు తగ్గించమంటే ఎండుచేప, ఆవకాయ పోయాయి. నాన్నకి అన్నిటికంటే కష్టమైంది కొబ్బరినీళ్లు. రక్తంలో పొటాషియం ఎక్కువగా, 5.4 ఉంది, కొబ్బరినీళ్లలో అది బాగా ఎక్కువ. "కొబ్బరి రైతుని పట్టుకుని బొండాం తాగొద్దంటారేటమ్మా" అంటే మేడమ్ నవ్వారు గానీ ఒప్పుకోలేదు.

హిమోగ్లోబిన్ కూడా తక్కువే, 10.2. రక్తం తయారవడానికి సంకేతమిచ్చే హార్మోన్ కిడ్నీల నుంచే వస్తుందని అప్పుడే తెలిసింది. ముందు ఐరన్ ఇచ్చారు, చాలకపోతే ఇంజెక్షన్ అన్నారు.

ఏడాది గడిచింది. ఇప్పుడు క్రియాటినిన్ 2.2. ఇంత నెమ్మదిగా పోవడం మంచి విషయమేనట. ఇంట్లో అందరం పరీక్ష చేయించుకున్నాం. విశాఖలో ఏసీ ఆఫీసులో కూర్చునే నాది 0.9. నాన్నతో పాటు తోటలో పని చేసే తమ్ముడిది 1.3. వాడికి 31 ఏళ్లు. మూడు నెలల తర్వాత మళ్లీ తీసుకురమ్మన్నారు. సోంపేట నుంచి టికెట్లు తీసేశాను. ఈలోగా నొప్పి మాత్ర ముట్టనని వాడు అమ్మ మీద ఒట్టేశాడు.