బీరువా తలుపు కింద ఉత్తరాలు

నిన్న చిత్తూరు నుంచి తిరుపతికి వస్తూ బస్సులోనే ‘డివైన్ రైవల్స్’ పూర్తి చేశాను. చంద్రగిరి దాటేసరికి కళ్లు నిండిపోయాయి. పక్క సీటులోని పెద్దావిడ “ఏమ్మా, ఇంట్లో అందరూ బాగున్నారు కదా?” అని అడిగారు. కథ చదివి ఏడుస్తున్నానని చెప్పాను. “ఏం కథమ్మా?” అన్నారు. దిగేదాకా చెబుతూనే ఉన్నాను.

రెబెకా రాస్ నవల ఇది, 2023లో వచ్చింది. ఐరిస్, రోమన్ ఒకే పత్రికలో ఒకే ఉద్యోగం కోసం పోటీ పడతారు. దేవతల మధ్య జరిగే యుద్ధానికి వెళ్లిన అన్నకు ఐరిస్ ఉత్తరాలు టైపు చేసి బీరువా తలుపు కిందకు తోస్తుంది. అవి రోమన్ గదిలో తేలతాయి! ఎదుటి మనిషి మాటను ముందు ప్రేమించి, ముఖాన్ని తర్వాత ప్రేమించడం ఎంత బాగుందో. దేవతల యుద్ధం మాత్రం పలుచగా ఉంది, ఇంకా చెప్పాల్సింది.

అదే ఏడాది వచ్చిన ‘ఫోర్త్ వింగ్’ నవల నన్ను ఇంతగా తాకలేదు. సులువుగా కీళ్లు తొలగిపోయే వయొలెట్ డ్రాగన్‌ను అధిరోహించడం గొప్ప ఊహ. ఆ పట్టుదల చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ డ్రాగన్ సవారీ శిక్షణ రసవత్తరంగా సాగే చోటల్లా ప్రేమ అడ్డుపడుతుంది.

ఇంటర్ చదివే పిన్ని కూతురు డ్రాగన్ల పుస్తకమే అడిగింది. అది పెద్దల నవల, ఇప్పుడే వద్దన్నాను. ఐరిస్ కథ చేతిలో పెట్టాను. ఈ ఉదయం చూస్తే, నా బస్సు టికెట్టు అప్పుడే సగం పేజీల దగ్గర ఉంది.