ఆదివారం ఉదయం 9 గంటలకు నిండిన కోటా

కిందటి నెల ఒక ఆదివారం ఉదయం 9 గంటలు దాటి నాలుగు నిమిషాలు కాగానే, మా వీధిలో లెక్కల ట్యూషన్లు చెప్పే మాస్టారు ఫోన్ చేశారు. “బాబూ, పిల్లలెవరికీ పేపరు ఓపెన్ అవట్లేదు, ఓసారి చూడు” అన్నారు. విజయనగరంలోనే కాక బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరంలో కూడా మొత్తం 340 మంది విద్యార్థులు ఆ సమయానికి ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పరీక్ష సైటులో జరిగేదంతా నమోదయ్యే లాగ్ తెరిచి చూస్తే తెర నిండా 429 అనే సంఖ్య ఒక్కటే వరుసగా దిగుతోంది. సర్వర్ చెడిపోయిందని దాని అర్థం కాదు. మనకు కేటాయించిన దానికన్నా ఎక్కువ అడుగుతున్నామని క్లౌడ్, అంటే సైటు నడపడానికి ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల సేవ, ఇచ్చే జవాబు అది.

మాస్టారి కోసం ఆ పరీక్ష సైటును సర్వర్‌లెస్ పద్ధతిలో, అంటే సర్వర్ నిర్వహణ క్లౌడ్‌కే వదిలేసి, తయారు చేసింది నేనే. ఖాతా కొత్తది కావడం వల్ల ఏకకాలంలో నడవగల ఫంక్షన్ల (అడిగినప్పుడల్లా నడిచే చిన్న ప్రోగ్రాముల) కోటా, అంటే పరిమితి, 10 మాత్రమే ఉంది. ఆ అంకెను ముందుగా చూడవలసిన బాధ్యత నాది, నేను చూడలేదు. సెకనుకు వచ్చే రిక్వెస్టుల (ఫోన్ల నుంచి సైటుకు వచ్చే అభ్యర్థనల) సంఖ్యను ఒక్కో రిక్వెస్టుకు పట్టే సెకన్లతో గుణిస్తే ఏకకాలంలో ఎన్ని నడవాలో తెలిసిపోతుంది. మా సైటులో పేపరు తెరవడానికి ఒక్కొక్కరికి 4 రిక్వెస్టులు, ఒక్కోదానికి సుమారు 1 సెకను పట్టేవి. అంటే మొత్తం 1,360 రిక్వెస్టులు పది చొప్పున నడిచినా రెండున్నర నిమిషాల లోపే అందరికీ పేపరు అందాలి. పట్టింది మాత్రం 25 నిమిషాలు. నాలుగింటిలో ఒక్కటి తిరస్కరణకు గురైనా నాలుగింటినీ మొదటి నుంచి, క్షణం ఆగకుండా, మళ్లీ పంపేలా నేను రాసిన కోడే అందుకు కారణం. అప్పటికే పూర్తయిన పని వృథా అవుతూ, అదే పని మళ్లీ మళ్లీ వచ్చి ఆ పది చోట్లనూ నింపేసేది.

కోటా పెంచమని ఆ రోజే దరఖాస్తు పెట్టాను, రెండు రోజుల తరువాత మంజూరైంది. ఆ రెండు రోజులు లెక్కలోకి తీసుకోకుండా పరీక్ష తేదీ ప్రకటించకూడదని అప్పుడే అర్థమైంది. అయితే కోటా పెంచుకోవడం కన్నా మిగిలిన రెండు మార్పులే నాకు ముఖ్యంగా తోచాయి. ప్రశ్నపత్రం అందరికీ ఒక్కటే కాబట్టి దానిని ఫంక్షన్ ద్వారా కాకుండా క్లౌడ్‌లో ఫైళ్లు దాచే స్టోరేజీ నుంచి మామూలు ఫైలుగా అందించాను. రీట్రై చేసేటప్పుడు విఫలమైన రిక్వెస్టును మాత్రమే, ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తూ, అందరూ ఒకే క్షణంలో తిరిగి రాకుండా ఆ సమయాన్ని కొంచెం అటూ ఇటూ జరుపుతూ పంపేలా మార్చాను.

కోటా ఉంది కదా, బిల్లు దాటదులే అనుకునేవారు నాకు చాలామంది తారసపడ్డారు. ఇంటి కరెంటు కనెక్షన్‌కు మంజూరైన లోడు 2 కిలోవాట్లు అంటే ఒకేసారి ఎంత వాడవచ్చో తెలుస్తుందే తప్ప నెలాఖరుకు ఎన్ని యూనిట్లు కాలుతాయో తెలియదు. కోటా కూడా అంతే. బడ్జెట్ అలర్టు కూడా సాధారణంగా ఖర్చు పెరిగిందని తెలియజేస్తుంది గాని, తనంతట తాను వాడకాన్ని ఆపదు. ఈ రెండింటినీ విడివిడిగా పెట్టుకోవాలి.

మరో సంగతి ప్రాంతాలకు సంబంధించినది. అమెజాన్ వారి క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌కు మన దేశంలో 2016లో ముంబయి, 2022లో హైదరాబాద్ రీజియన్లు (డేటా సెంటర్లు ఉండే ప్రాంతాలు) వచ్చాయి. అక్కడ చాలా కోటాలు రీజియన్ వారీగా ఉంటాయి కాబట్టి, ముంబయిలో పెంచుకున్నది హైదరాబాద్‌లో చెల్లదు. ముంబయి ఆగిపోతే హైదరాబాద్‌కు మారదామని ఏర్పాటు చేసుకున్నవారు అక్కడి కోటాను కూడా ముందే పెంచుకుని ఉంచకపోతే, అవసరమైన రోజున ఆ ఏర్పాటు పనికిరాదు. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అజూర్‌లో అయితే రీజియన్ మొత్తానికి ఒక వీసీపీయూ (వర్చువల్ ప్రాసెసర్ల) కోటా, ఒకే రకానికి చెందిన మెషీన్ల కుటుంబానికి మరొకటి ఉంటాయి. రెండింటిలోనూ ఖాళీ ఉంటేనే కొత్త మెషీన్ లేస్తుంది. కొన్ని పరిమితులు అడిగినా పెరగవు. ఏడబ్ల్యూఎస్‌లో ఫంక్షన్లను నడిపే లాంబ్డా సేవలో ఒక ఫంక్షన్ 15 నిమిషాలకు మించి నడవకపోవడం అలాంటిదే. అక్కడ పనిని ముక్కలు చేసుకోవడమే దారి.

కోటా లెక్క తప్పితే ఎంత పెద్ద వ్యవస్థ అయినా ఆగుతుంది. 2020 డిసెంబర్ 14న మన సాయంత్రం వేళ జీమెయిల్, యూట్యూబ్ 47 నిమిషాల పాటు చాలామందికి పనిచేయలేదు. గూగుల్ లాగిన్ వ్యవస్థ వాడకాన్ని పాత కోటా వ్యవస్థలో మిగిలిపోయిన భాగం పొరపాటున సున్నాగా చూపడం, దానిని నమ్మి ఆటోమేటిక్ వ్యవస్థ ఆ సేవకు కోటా తగ్గించేయడం అందుకు కారణమని గూగుల్ స్వయంగా తన నివేదికలో వివరించింది.

ఇప్పుడు మా ఖాతాలో ఏ కోటా అయినా 80 శాతం దాటితే నా ఫోన్‌కు సందేశం వస్తుంది. నేను పరీక్షించుకునే కోడు కూడా అదే కోటాను తినేస్తోందని గమనించి, దానిని వేరే ఖాతాకు మార్చాను. ఆ తరువాతి ఆదివారం 9 గంటలకు గ్రాఫ్ ముందే కూర్చున్నాను. 340 మందికీ పేపరు తెరుచుకున్నంతసేపూ ఏకకాలంలో నడిచిన ఫంక్షన్లు ఆరు దాటలేదు.