తాతగారి ఫొటో గాజును వదలలేదు: మూడో ప్రయత్నం

ఈ ఆదివారానికి ఒడిశా పర్లాకిమిడిలోని మా ఇంటి ఫొటోలు 412 పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవర్లలోకి చేరాయి. అంటుపుటల ఆల్బమ్ కూడా డెంటల్ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని దారం) పుణ్యమా అని రెండు గంటల్లో ఖాళీ అయింది. అయినా సంతోషం లేదు, తాతగారి ఫొటో ఇంకా గాజును పట్టుకునే ఉంది.

అది 20×25 సెంటీమీటర్ల నలుపు తెలుపు ఫొటో. బుగ్గలకూ కండువా అంచుకూ స్టూడియోవారు చేత్తో రంగులద్దారు. ఫ్రేము కట్టినవారు గాజుకూ ఫొటోకూ నడుమ అట్ట పెట్టలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గోడ నానినప్పుడే ఎడమ భుజం దగ్గర 7×4 సెంటీమీటర్ల మేర అతుక్కుపోయి ఉంటుందని నా అనుమానం. టార్చిని ఏటవాలుగా వేస్తే అతుక్కున్న చోటు తడిసినట్టు నల్లగానూ, దాని చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల వలయాలూ కనిపిస్తాయి.

మొదటిసారి ఫ్లాస్ 3 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. రెండోసారి తేమను పీల్చే సిలికా జెల్ 200 గ్రాములతో డబ్బాలో పెట్టాను. పదిహేను రోజుల్లో తేమ 78 శాతం నుంచి 41కి దిగింది గాని, విడిగా ఉన్న అంచులు ముడుచుకోవడం తప్ప ఫలితం లేదు. ఈసారి జిప్ కవర్లో మూసి 18 గంటలు ఫ్రీజర్‌లో ఉంచాను. పైకి తీయగానే చిటుక్కుమని 4 మిల్లీమీటర్లు లేచింది, ఆ వెంటనే కండువా అంచులోని ఎరుపు నువ్వుగింజంత ముక్కగా గాజు మీదే ఉండిపోయింది. అక్కడితో ఆపేశాను.

పొరపాటు నాదే. ఆల్బమ్ జిగురు చలికి పెళుసెక్కి వదులుతుంది. ఇక్కడ వేరే జిగురే లేదు. ఫొటో పైపొరలోని జెలటిన్, వడ్రంగులు వాడే వజ్రం అనే బంకకు దాయాదే కాబట్టి, చెమ్మకు మెత్తబడి ఆరాక తానే బంకయింది. గాజుకంటుకున్న మరో కలర్ ప్రింటు చల్లని నీటిలో 40 నిమిషాలకు చక్కగా ఊడింది గాని, తాతగారి ఫొటో మూలన తడి దూది ఆనించగానే గులాబీరంగు దూదికెక్కింది. ఆ దారీ మూసుకుపోయింది.

ఇక గాజుతో సహా స్కాన్ చేయడమే మేలు. నా దగ్గరున్నది సీఐఎస్ రకం స్కానరు, తనకు ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది. దానికి 2 మిల్లీమీటర్ల గాజు దాటితే ముఖం మసకబారుతోంది. కాస్త ఎడంగా ఉన్నదాన్నీ స్పష్టంగా చూడగల సీసీడీ సెన్సరున్న ఎప్సన్ వీ600 స్కానరు అందుకు ఎంతో నయం, మిత్రుడిని అడిగాను. దొరకకపోతే రెండు దీపాలు 45 డిగ్రీల కోణంలో పెట్టి, కెమెరా వెనుక నల్లగుడ్డ కట్టి తీస్తాను. ఆ తరువాత అసలు ఫొటోను గాజుతోనే పెట్టెలో పడుకోబెడతాను, మళ్లీ గోడకెక్కించను.

మిగతావాటి వెనుక పేర్లు రాయడానికి నున్నటి వాటి మీదా రాసే స్టబిలో ఆల్ అనే మెత్తని పెన్సిలే వాడుతున్నాను. బాల్‌పెన్ను గీత ముందువైపుకు ఉబుకుతుంది. మా మేనకోడలు బడిలో ఒడియా మాత్రమే నేర్చుకుంది, అందుచేత ప్రతి పేరూ రెండు లిపుల్లో రాయవలసి వస్తోంది. పేరు తెలియని ముఖాలు 37 మిగిలాయి. దసరాకు అత్తయ్య వస్తే ముందుగా అవే ఆవిడ ముందు పరుస్తాను.