మూడు ప్యాడ్లతో సగం కారు

పదకొండున్నర దాటింది. కారు పాలిషింగ్ మెషిన్ ఆపేసి ఆరు గంటలైనా అరచేతుల్లో ఆ జుమ్ముమనే వణుకు ఇంకా పోలేదు. కానీ నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు.

కింద సెల్లార్‌లో మా నీలం కారు, గీతలు పోగొడదామని నేనే పాలిష్ మొదలుపెట్టినది, సగం మెరుస్తూ సగం మసకగా నిలబడి ఉంది. బానెట్, ఎడమ ఫెండర్, ఎడమవైపు ముందు తలుపు అయ్యాయి. వెనక తలుపు మధ్యలో ఉండగా పని ఆగిపోయింది, మెషిన్‌కి తగిలించే స్పాంజి ప్యాడ్లు లేక. మెషిన్‌తో పాటు వచ్చినవి మూడే. గీతలు అరగదీసే కటింగ్‌కి ఒకటి, మెరుపు తెచ్చే పాలిషింగ్‌కి ఒకటి, ఆఖరి నునుపు తెచ్చే ఫినిషింగ్‌కి ఒకటి. డబ్బా మీద నిగనిగలాడే కారు బొమ్మ ఉంటే, మూడింటితో కారంతా అయిపోతుందనే అనుకున్నాను.

కొనేముందే కూర్చుని లెక్క వేయాల్సింది. బానెట్ ఒకటి, టాప్ ఒకటి, తలుపులు నాలుగు, ముందు ఫెండర్లు రెండు, వెనక చక్రాల పైభాగాలు రెండు, డిక్కీ, రెండు బంపర్లు. మొత్తం 13 ప్యానెళ్లు. ఒక్కో దాన్నీ రెండడుగుల చదరాలుగా అనుకుని, ప్యాడ్ మీద కాంపౌండు, అంటే రుద్దే పేస్టు, బఠానీ గింజంత చుక్కలు నాలుగు పెట్టి, అడ్డంగా, నిలువుగా నెమ్మదిగా నడపాలి. బానెట్ మీద మొదటి చదరం తుడిచి చూసినప్పుడు పైనున్న ట్యూబ్‌లైటు అంచులు చెదరకుండా కనిపించింది. చిన్నదాన్ని పిలిచి మరీ చూపించాను.

మూడో ప్యానెల్‌కి వచ్చేసరికి వ్యవహారం మారిపోయింది. అరిగిన కాంపౌండు, గీకిన క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శకమైన పొర) పొడి కలిసి ప్యాడ్ మొహం మీద తెల్లటి పేస్టులా పేరుకున్నాయి. స్పాంజి తడిసి మెత్తబడింది, మధ్యలో వేలు పెడితే చురుక్కుమంటోంది. ప్యాడ్ అతుక్కునే బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాను, ప్యాడ్ తిరుగుతుందో లేదో తెలియడానికి. ఆ గీత ఒకేచోట నిలబడి వణుకుతోంది తప్ప తిరగట్లేదు. గట్టిగా నొక్కితే ఇంకా మొరాయించింది. నాది వణుకుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ రకం, ఇలాంటి మెషిన్‌కి ప్యాడ్ తిరక్కపోతే గీతలు పోవు, ఊరికే కంపనమే. చివరికి ప్యాడ్ వెనక వెల్‌క్రో జిగురు వేడికి వదిలేసి ఒక పక్క లేచిపోయింది. పాలిషింగ్ ప్యాడ్‌తో లాగిద్దామా అనుకున్నాను కానీ, దానికి కటింగ్ కాంపౌండు అంటిందంటే ఆ తర్వాత అది దేనికీ పనికిరాదు. కడిగి వాడదామంటే తడి ప్యాడ్ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది.

నాయిన అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఏమీ అనకుండా చూస్తున్నాడు. లేచి వచ్చి, ప్యాడ్‌ని నా చేతిలోంచి తీసుకుని బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు. "నిండింది బిడ్డా. పక్కకు పెట్టు." అంతే అన్నాడు. ఆయనకి ఈ మెషిన్లు తెలియవు, స్పాంజీలు తెలియవు. నిండడం తెలుసు.

నాయిన అంబర్‌పేట షెడ్డులో పెయింటర్‌గా ఉన్నప్పుడు వచ్చేవన్నీ అంబాసిడర్లు, ఫియట్లే. అప్పటిది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్. గన్‌తో కొట్టి ఆరబెట్టగానే మెరుపు వచ్చేది కాదు. వాటర్ పేపర్ పట్టి, రబ్బింగ్ కాంపౌండు పెట్టి చేత్తో రుద్దగా రుద్దగా నిగ్గు తేలేది. పైన క్లియర్ కోట్ ఉండదు కాబట్టి ఏ కారు రుద్దితే ఆ రంగే గుడ్డకి అంటేది. సాయంత్రం సంచి దులిపితే ఆ రోజు ఏ రంగు బండి చేశాడో మాకు తెలిసిపోయేది. కిలోల లెక్కన వచ్చే బనీను వేస్టులోంచి కుట్లు, బొత్తాలు లేని ముక్కలు ఏరి పెట్టుకునేవాడు. మొదటి రుద్దుడు గుడ్డకి మూలన ఒక ముడి, రెండో రుద్దుడు గుడ్డకి రెండు ముళ్లు. ఆఖరి గుడ్డకి ముడి ఉండదు, ఆ ముడి కూడా గీత పెడుతుందని. అమ్మ వాటిని వేరువేరు బకెట్లలో నానబెట్టేది, ఆఖరి గుడ్డలకి ఇంటి వెనక వేరే దండెం. ఒకసారి ఆ దండెం మీద నా జరీ లంగా ఆరేశాను. నాయిన నన్ను ఒక్క మాట అనకుండా గుడ్డలన్నీ తీసి తనే మళ్లీ ఉతుక్కున్నాడు. నా లంగా అంత మురికిదా అని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. జరీ పోగు ఒక్కటి గుడ్డలో చిక్కుకుంటే కారు పొడుగునా ఏం చేస్తుందో అప్పుడు నాకెక్కడ తెలుసు.

ఒక కారుకి పది పన్నెండు గుడ్డలు అయ్యేవి. నేల మీద పడిన గుడ్డ ఇక కారు మీదికి పోదు, వంటింట్లో మసిగుడ్డ అవుతుంది. మా ఇంట్లో మసిగుడ్డలన్నిటికీ కార్ల రంగులే. సేటు వారానికి ఇంత వేస్టు అని ఇచ్చేవాడు. అది చాలకపోతే నాయిన సొంత డబ్బులతో కొనేవాడు, దాని మీద అమ్మకీ ఆయనకీ గొడవ. మూడే గుడ్డలతో కానివ్వొచ్చు కదా అని అమ్మ. "కానియ్యొచ్చు, కారు మొకం చూడలేను" అని నాయిన.

అందుకే పోయిన నెల ఆ షాపులో జరిగింది చూసి నాకు అంత ఒళ్లు మండింది. ఉప్పల్ వైపు షాపు, పేరు అనవసరం. కారు పాలిష్‌కి 6,500 రూపాయలు తీసుకున్నారు. కారు మీద గీతలు పడింది పన్నెండు కార్లని ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో తుడవడం వల్ల, ఆ సంగతి నిరుడే రాశాను. ఈ షాపులో కారు అంతటికీ ఒకే ఒక్క ఉన్ని ప్యాడ్ వాడారు. వణుకు లేకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే పెద్ద రోటరీ మెషిన్‌కి దాన్ని తగిలించి బానెట్ నుంచి డిక్కీ దాకా, మట్టి కొట్టుకుపోయిన కింది అంచులతో సహా, దాంతోనే. లోపల ట్యూబ్‌లైట్ల కింద అద్దంలా కనిపించింది. బయట ఎండలోకి తీస్తే నూనె పులిమినట్టు మెలికలు మెలికలుగా హోలోగ్రామ్‌లు. క్లియర్ కోట్ ఉండేదే 40, 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక మందం కూడా కాదు. ఒకసారి గీకాక అది మళ్లీ పెరగదు. పాలిష్ చేసిన ప్రతిసారీ ఉన్నదాంట్లోంచే పోతుంది. డబ్బిచ్చి మరీ ఆ కాస్తా గీకించుకున్నానే అని ఎంత బాధపడ్డానో. ప్రతి దశకీ ఆరు ప్యాడ్లు లేకుండా షాపు పెట్టనేకూడదు అని మా ఆయనతో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. పై పేరా తీసేద్దామనుకుని, ఉండనిస్తున్నాను. అందులో సగం తప్పు. ఆ మెలికలు ప్యాడ్ల లెక్క వల్ల వచ్చినవి కావు. రోటరీకి ఉన్ని ప్యాడ్ తగిలిస్తే ఆరు మార్చినా అవి వస్తాయి. ఆ తర్వాత మెత్తటి ఫోమ్‌తో ఫినిషింగ్ చేసి వాటిని పోగొట్టాలి, ఆ దశ మొత్తం ఎగ్గొట్టారు. కంప్రెసర్ ఉన్నచోట ప్రతి ప్యానెల్ తర్వాత గాలి కొట్టి శుభ్రం చేసుకుంటూ పోతే తక్కువ ప్యాడ్లతోనే లాగించొచ్చు కూడా. కానీ ఆ రోజు కంప్రెసర్ పైపు పక్క కారు పాలిషింగ్ దగ్గరుంది.

నన్ను నిద్రపోనివ్వనిది ఇదీ. ఇవాళ ప్యాడ్ నిండినప్పుడు నేను దాన్ని అరచేతికేసి కొట్టాను, తర్వాత సెల్లార్ పిల్లర్ అంచుకేసి గీరాను. ఎక్కడో చూసినట్టుంది ఈ పని అనిపించింది. ఆ షాపు కుర్రాడు అచ్చం అలాగే చేశాడు, స్క్రూడ్రైవర్‌తో ఉన్ని గీరుతూ, తొడకేసి కొడుతూ. ఒకసారి లోపలికి చూసి "దూస్రా ప్యాడ్ హై క్యా భయ్యా?" అని అడిగాడు కూడా. "ఉన్నదాంతో కానియ్" అని లోపల్నుంచి అరుపు. నేను అక్కడే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. రెండూ విన్నాను.

విని కూడా, సాయంత్రం ఎండలో కారు చూశాక ఓనర్ దగ్గరికెళ్లి ఏమన్నాను? వీడికి పని రాదు, ఇలాంటివాళ్లని ఎందుకు పెట్టుకుంటారు అన్నాను. వాడి ముందే. ఓనర్ వాడిని నాలుగు తిట్టి, నాకు 500 వెనక్కిచ్చి, "వీడి జీతంలో పట్టుకుంటాలెండి మేడమ్" అన్నాడు. నేను తీసుకున్నాను. తీసుకుని పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చాను, నాయిన బిడ్డని అయ్యుండి.

అన్నం తింటున్నప్పుడు నాయినకి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఉన్ని ప్యాడా? ఎంత మందం ఉంటది?" అని అడిగాడు.

మూడు ప్యాడ్లూ మంజీరా (నల్లా) నీళ్లలో కాస్త సబ్బు వేసి, పిండకుండా నొక్కి కడిగాను. బోరు నీళ్లయితే ఉప్పు ఎండి స్పాంజిలో ఉండిపోతుందని నా భయం. బాల్కనీలో స్పాంజి కిందికి, వెల్‌క్రో పైకి ఉండేలా పెట్టాను, నీళ్లు జిగురులోకి దిగకుండా. జిగురు ఊడినది మాత్రం ఇక పనికిరాదు. రాణీగంజ్‌లో అడిగి కొత్తవి తెస్తాను. కటింగ్‌కి ఐదు, పాలిషింగ్‌కి నాలుగు, ఫినిషింగ్‌కి రెండు, అద్దాల చుట్టూ బంపర్ మూలల్లో తిప్పడానికి మూడు అంగుళాలవి రెండు. ప్రతి రెండు చదరాలకి బ్రష్‌తో దువ్వుకుంటే ఇవి సరిపోవాలి.

అంతకంటే ముందు, పొద్దున్నే ఆ షాపుకి వెళ్తాను. 500 నోటు పర్సులోంచి తీసి ఫోన్ కవర్‌లో విడిగా పెట్టుకున్నాను. ఆ కుర్రాడి పేరు కూడా అడగలేదు అప్పుడు. ఓనర్ చేతికి కాదు, వాడి చేతికే ఇవ్వాలి, ఆ రోజు వాడు రెండో ప్యాడ్ అడగడం నేను విన్నానని ఓనర్ ముందే చెప్పాలి. నాయిన కూడా వస్తానన్నాడు. ఆ ఉన్ని ప్యాడ్ ఒకసారి పట్టుకుని చూస్తాడట.