రంగనాథ దగ్గర తెగిన చిరునామా

మా నాన్నగారు నెల్లూరు జిల్లా గుళ్ల గురించీ చెరువుల గురించీ నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్న సంగతులను 2009 నుంచి ఒక చిన్న వెబ్‌సైటులో ఉంచుతున్నాను. ఇన్నాళ్లూ అది పదిమందితో కలిసి వాడుకునే సర్వరులో ఉండేది. పోయిన వేసవిలో దాన్ని అక్కడి నుంచి తీసి, నెల అద్దెకు తీసుకున్న విడి సర్వరులో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్, పేజీలను అందించే అపాచీ, రాతలను దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ వేసుకుని, సైటును నడిపే వర్డ్‌ప్రెస్‌ను స్వయంగా ఇన్‌స్టాల్ చేసుకున్నాను. అది అయిదు నిమిషాల పని అంటారు. కావలిలో మా ఇంట్లో పదకొండు రోజులు పట్టింది.

మొదటి రెండు చిక్కులూ అందరికీ వచ్చేవే. డేటాబేస్‌తో కనెక్షన్ కుదరడం లేదని తెర మీద వచ్చినప్పుడు సర్వరునే అనుమానించాను గానీ, తప్పు నాదే: సైటు అమరికలు రాసే కాన్ఫిగ్ ఫైలులో పాస్‌వర్డు అతికించేటప్పుడు దాని చివర ఒక ఖాళీ కూడా వచ్చి చేరింది. తరువాత హోమ్ పేజీ తెరుచుకుంటున్నా, లోపలి వ్యాసాలన్నీ పేజీ దొరకలేదనే 404 చూపించాయి. ఉబుంటులో అపాచీ మొదట ‘అలౌ ఓవర్‌రైడ్ నన్’ అనే అమరికతో వస్తుంది కాబట్టి, వర్డ్‌ప్రెస్ పేజీల దారులు రాసిపెట్టిన హెచ్‌టీయాక్సెస్ ఫైలును అది చదవనే చదవదు. ఆ మాటను ‘ఆల్’ అని మార్చి, ఆ దారులను అమలు చేసే రీరైట్ మాడ్యూలును ఆన్ చేసి, అపాచీని మళ్లీ నడిపించగానే పేజీలు వచ్చాయి.

వచ్చాయి గానీ, వాటిలో తెలుగు లేదు. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే వరుస. ఆ చెత్తను చూసి పాత రాతలన్నీ పోయాయనుకుని ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. నిజానికి అవి పోలేదు. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. మా పాత సైటు కాన్ఫిగ్ ఫైలులో అక్షరాలను ఏ పద్ధతిలో దాచాలో చెప్పే క్యారెక్టర్ సెట్ వరుస ఖాళీగా ఉండడం వల్ల, ఆ బైట్లన్నీ ‘లాటిన్1’ అనే, పడమటి ఐరోపా భాషల అక్షరాలకే చోటున్న పద్ధతి పేరు తగిలించిన టేబుళ్లలోకి వెళ్లాయి. మైఎస్‌క్యూఎల్‌కు 2018లో వచ్చిన 8.0 దాకా లాటిన్1 ఒకటే డిఫాల్టు. రాసేటప్పుడూ చదివేటప్పుడూ అదే తప్పు పేరు వాడినంత కాలం సైటు బాగానే కనిపించింది. కొత్త సర్వరు నిజం పేరుతో అడగగానే మూడు బైట్లు మూడు వేర్వేరు గుర్తులై బయటపడ్డాయి. పాత డేటాబేస్‌ను లాటిన్1 గానే ఒక ఫైలులోకి డంప్ చేయించి (దింపించి), ఆ ఫైలులో లాటిన్1 అని ఉన్నచోటల్లా ‘యూటీఎఫ్8ఎంబీ4’ (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) గా మార్చి తిరిగి ఎక్కించాక నాన్నగారి తెలుగు చెక్కుచెదరకుండా తిరిగివచ్చింది.

కొత్తగా టైపు చేసిన వ్యాసాల్లో మాత్రం అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు కనిపించాయి. వాటి సంగతి వేరు. కిందామీదా పడుతున్న ఆ రోజుల్లోనే, టేబుళ్లు ఇంకా లాటిన్1లో ఉండగా, కొత్త సైటులో మూడు వ్యాసాలు టైపు చేశాను. లాటిన్1లో చోటు లేని ప్రతి అక్షరం స్థానంలోనూ మైఎస్‌క్యూఎల్ ఒక ప్రశ్నార్థకాన్ని పెట్టి దాచుకుంది. చెత్త గుర్తులు కనిపిస్తే అసలు బైట్లు లోపల ఉన్నట్టే. ఇలా దాచేటప్పుడే పడిన ప్రశ్నార్థకాలైతే లోపల ఉన్నవి కూడా ప్రశ్నార్థకాలే. ఈ తేడా ముందే తెలిసి ఉంటే మొదటి రాత్రి నిద్రపోయేవాణ్ణి, మూడు వ్యాసాలు టైపు చేయకుండా ఆగేవాణ్ణి.

నోటుపుస్తకం ముందు పెట్టుకుని వాటిని మళ్లీ కొడుతున్నప్పుడే ఆఖరి చిక్కు కంటపడింది. ఒక వ్యాసం పేరు ‘పెన్నా నది ఒడ్డున రంగనాథస్వామి ఆలయం’, రెండోది ‘పెన్నా నది ఒడ్డున రంగనాథస్వామి రథోత్సవం’. రెండింటి వెబ్ చిరునామాలూ ‘రంగనాథ’ దగ్గరే తెగిపోయాయి. రెండోదానికి చివర ‘2’ అంకె తగిలింది. వర్డ్‌ప్రెస్ వ్యాసం చిరునామాకు 200 గుర్తుల హద్దు పెట్టుకుంది. ఇంగ్లీషుకు అది ధారాళంగా సరిపోతుంది. తెలుగు అక్షరం మాత్రం చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు చొప్పున తొమ్మిది గుర్తులవుతుంది కాబట్టి, గుణింతాలూ ఒత్తులూ లెక్కపెడితే మనకు దక్కేది ఇరవై రెండే. ఇంగ్లీషు సైట్లు నడిపేవారికి ఈ బాధ ఎదురే కాదు కాబట్టి, నేను చదివిన సహాయ పేజీల్లో ఎక్కడా దీని ఊసు లేదు. పైగా ఆ లింకును నెల్లూరులోని మా పిన్నికి వాట్సాప్‌లో పంపితే, ఆ శాతం గుర్తుల దండను చూసి ఏదో వైరస్ అనుకుని తెరవనే లేదు.

అప్పటి నుంచి వ్యాసం పేరు తెలుగులోనే ఉంచి, చిరునామాను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలకు కుదించి చేత్తో రాస్తున్నాను. ప్రచురించిన వ్యాసాల చిరునామా మార్చినా పాతదాన్ని వర్డ్‌ప్రెస్ గుర్తుపెట్టుకుని కొత్తదానికి మళ్లిస్తుంది కాబట్టి, వెనకటి లింకులు చెడలేదు. ఆలయం, రథోత్సవం ఇప్పుడు వేర్వేరు చిరునామాల్లో ఉన్నాయి. మూడో వ్యాసం సగం కొట్టాను. నోటుపుస్తకంలో ఆ పుటల మీద సిరా చెమ్మకు అలికిపోయి ఉండడంతో మాటలు పోల్చుకోవడానికి పొద్దు పడుతోంది.