బేరియాట్రిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ అప్రూవల్: నా అనుభవం

బరువు తగ్గడానికి చేసే ఈ బేరియాట్రిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ రాదని నాతో గట్టిగా చెప్పినవాళ్లలో మాకు పాలసీ చేయించిన ఏజెంటు కూడా ఉన్నాడు. "అది అందం కోసం చేయించుకునేది మేడమ్, కంపెనీలు ఇవ్వవు" అన్నాడు. మా అమ్మయితే "నోరు కట్టుకోవాలి గానీ కడుపు కోయించుకుంటారటే?" అంది. ఏళ్ల తరబడి షుగర్, ఇన్సులిన్ వేసుకుంటున్నా 9 కిందకి దిగని హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ లెక్క), నిద్రలో ఊపిరాగి ఉలిక్కిపడి లేవడం. ఇందులో అందం ఎక్కడుందో నాకైతే అర్థం కాలేదు.

విశాఖ ఆరిలోవ హెల్త్ సిటీలో చూపించుకున్నప్పుడు సర్జన్ గారు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే జీర్ణాశయంలో చాలా భాగం తీసేసే సర్జరీ, చేద్దామన్నారు. వెంటనే, "పాలసీ కాగితాలు తెచ్చుకుని మా ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చోండమ్మా" అన్నారు. ఆ డెస్క్‌లో ఉన్న కుర్రాడు పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. 2019లో బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో ఖరారు చేసిన మినహాయింపుల్లో ఆరోది ఊబకాయం గురించి. పైపైన చూస్తే ఊబకాయానికి డబ్బులివ్వం అన్నట్టే ఉంటుంది. నిదానంగా చదివితే, ఫలానా షరతులన్నీ తీరని సర్జరీకి మాత్రమే ఇవ్వం అని ఉంది. అంటే అన్నీ తీరితే ఇవ్వాల్సిందే.

షరతులు ఇవీ: డాక్టరు సలహా ఉండాలి, వైద్య ప్రమాణాల ప్రకారం చేయాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువుందో చెప్పే అంకె) 40 లేదా ఆపైన ఉండాలి. 35 నుంచి 40 మధ్యలో ఉంటే ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, కరోనరీ గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరాగడం), అదుపులో లేని టైప్ 2 షుగర్‌లలో ఏదో ఒకటి ఉండాలి. పైగా బరువు తగ్గడానికి మామూలు పద్ధతులు ప్రయత్నించి ఫలితం లేకపోయి ఉండాలి. ఆసియావాళ్లకి 27.5 నుంచే సర్జరీ గురించి ఆలోచించవచ్చని అంతర్జాతీయ బేరియాట్రిక్ సంఘాలు 2022లోనే చెప్పాయి. పాలసీ మాత్రం 35, 40 దగ్గరే ఆగింది.

నా బరువు 94 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. బీఎంఐ 36.7. కాబట్టి నా కేసంతా షుగర్, ఆప్నియాల మీదే నిలబడాలి. ఒక రాత్రి ఒంటినిండా వైర్లతో పడుకుని స్లీప్ స్టడీ చేయించుకున్నాను. గంటకి సగటున 38 సార్లు ఊపిరికి అడ్డం పడుతోందని వచ్చింది. 30 దాటితేనే తీవ్రం కింద లెక్క. రిపోర్టు చూసి భయపడాలో, కాగితం గట్టిగా ఉందని సంతోషించాలో తెలియలేదు.

అన్నిటికన్నా కష్టమైంది "ఫలితం లేకపోయింది" అని నిరూపించడం. మనం ఎంత నడిచామో బీచ్ రోడ్డు వచ్చి సాక్ష్యం చెప్పదు కదా. డైటీషియన్ చీటీలు, షుగర్ డాక్టరు రాసిన పాత ప్రిస్క్రిప్షన్లు, వాటి మూలన రాసిన బరువులు, అన్నీ తేదీల వరసలో పెట్టాం. పాలసీ తీసుకున్నప్పుడే షుగర్ ఉందని రాయడం, దాని వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని మొదటి కొన్నాళ్లు) అయిపోవడం బాగా కలిసొచ్చాయి.

ప్రీ-ఆథ్, అంటే సర్జరీకి ముందే అనుమతి అడిగే దరఖాస్తు పంపాక, క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఇవ్వలేమని ఒక్క లైన్లో జవాబొచ్చింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు. డెస్క్ అబ్బాయి మాత్రం, "మేడమ్, ఏ షరతు తీరలేదో రాసివ్వమని మెయిల్ పెట్టండి. వట్టి 'ఊబకాయం' అంటే ఒప్పుకోకండి" అన్నాడు. కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి ఆ ఒక్క ప్రశ్నే పంపాను. అక్కడ పరిష్కారం కాకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా ఫిర్యాదుల పోర్టల్, ఆ తర్వాత తగవులు తీర్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. వాళ్ల దాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు.

జవాబులో అసలు సంగతి బయటపడింది. గాజువాకలో నేను షుగర్‌కి చూపించుకునే క్లినిక్ వాళ్లు ఒక చీటీ మీద నా ఎత్తు 164 అని రాశారు. కొలిచి రాసింది కాదు, ఎవరో చూపు మేరకి వేసిన అంకె. 164తో లెక్కేస్తే బీఎంఐ 34.95. నాలుగు సెంటీమీటర్లతో నేను పాలసీ గీత కిందకి జారిపోయాను! ఆసుపత్రిలో చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి మళ్లీ కొలిచారు. 160 వచ్చింది. స్లీప్ ల్యాబ్ రిపోర్టులోనూ అదే ఉంది. సర్జన్ గారు లెటర్‌హెడ్ మీద ఆ కొలత రాసి, ఆ చీటీలో అంకె ఎందుకు తేడాగా ఉందో వివరించి, సంతకం, స్టాంపు వేసిచ్చారు. సర్జరీకి ముందు లిక్విడ్ డైట్ మొదలుపెడితే బరువు దిగి లెక్కలు మళ్లీ మారతాయని, తూకం కూడా ఆ రోజే తేదీతో రాయించాం.

ఈసారి అప్రూవల్ వచ్చింది. మొదట కొంత మొత్తానికే. మిగతాది డిశ్చార్జి రోజున ఫైనల్ బిల్లు పంపాక ఇచ్చారు. ఫైనల్ బిల్లుకి మూడు గంటల్లో జవాబివ్వాలని 2024 నుంచి రూలుంది కాబట్టి సాయంత్రానికల్లా ఇల్లు చేరాం. గ్లౌజుల్లాంటి వాటికి కొంత కోసేశారు, అవి చేతి నుంచే కట్టాం. మా పాలసీ ప్రకారం ఆసుపత్రిలో చేరడానికి ముందు 60 రోజుల ఖర్చులు కూడా వస్తాయి కాబట్టి స్లీప్ స్టడీ బిల్లు విడిగా పంపి తెప్పించుకున్నాను. డబ్బు కట్టిన అసలు రసీదు అడుగుతారు, పారేయకండి.