నూరా, నూటైదా

లైటు తీయమని లోపల్నుంచి కేకలు వినిపిస్తున్నాయి. ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

నా బేస్ గిటార్‌కి ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ వేయించాలి, గేజ్, అంటే తీగ మందం, ఎంతో తేలడం లేదు. సాయంత్రం షాపులో అడిగితే కౌంటర్ కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "ఫార్టీఫైవ్ వన్నాట్‌ఫైవ్ సార్, అందరూ అదే తీసుకెళ్తారు" అన్నాడు. సన్నతీగ 45, లావుతీగ 105 అని, అంగుళంలో వెయ్యోవంతుల్లో లెక్క. అందరూ తీసుకెళ్ళేది రౌండ్‌వౌండ్ బాబూ, నాకు కావాల్సింది ఫ్లాట్ అంటే, "సైజు ఒకటే కదా సార్, సేమ్" అన్నాడు. అక్కడ మండింది. సైజు ఒకటైతే బిగువు ఒకటవుతుందా? రౌండ్‌కి చుట్టేది గుండ్రటి తీగ, చుట్టుకీ చుట్టుకీ మధ్య సందులుంటాయి. ఫ్లాట్‌కి చుట్టేది చదునైన పట్టీ, సందుండదు. అదే మందంలో లోహం ఎక్కువ పడుతుంది, బరువెక్కుతుంది, అదే శ్రుతికి తేవాలంటే ఇంకా లాగాలి. పోనీ ఫ్లాట్లన్నీ ఒకటేనా అంటే అదీ కాదు. థోమాస్టిక్ కంపెనీ వాళ్ళ 43-56-70-100 సెట్లో అన్నిటికన్నా లావైన ఇ తీగ నూరే, డాడారియో కంపెనీ క్రోమ్స్ 45-65-80-100లోనూ నూరే. మొదటిది వేలికి మెత్తగా లొంగుతుంది, రెండోది ఎదురు తిరుగుతుంది. పాకెట్ మీద అంకె చూసి చెప్పేదైతే నేను షాపు దాకా వెళ్ళడమెందుకు? పైగా "టైటుగా ఉంటే ట్రస్ రాడ్ తిప్పేద్దాం" అని ధైర్యం చెప్పాడు! మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ అది. నా బేస్ మెడ, వాడి స్పానర్.

అసలు ఈ గోలంతా చర్చిలో మొదలైంది. ప్రార్థన వెనకాల మెల్లగా వాయిస్తుంటే ఇప్పుడున్న రౌండ్ తీగల మీద వేలు జరిగినప్పుడల్లా కీచుమంటోంది. ముందు వరుసలో అత్తయ్య కళ్ళు తెరిచి మరీ చూస్తుంది.

గుంటూరులో ఉన్నప్పుడు కొత్త స్ట్రింగ్స్ కొనడమన్న మాటే లేదు. మోగడం మానేస్తే విప్పి నీళ్ళలో మరగబెట్టేవాళ్ళం. ఒక శనివారం అమ్మ లేదని పాలగిన్నె పెట్టాను. నీళ్ళు కాసేపటికి మడ్డిగా తేలాయి, పైన నల్లటి నురగ. పట్టకారుతో తీసి తువ్వాలు మీద ఆరబెడుతుంటే అమ్మ వచ్చింది. అరవలేదు. గిన్నె తీసుకెళ్ళి పెరట్లో కుక్క ముందు పెట్టింది. ఆ రోజు నుంచి అది కుక్క గిన్నే. మర్నాడు ఆరాధనలో మాత్రం బేస్ గంటలా మోగింది. ఫ్లాట్‌కి ఆ తంతు అక్కర్లేదు, దానికి మురికే అందం. అమెరికాలో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదట.

ఆయన వాడిన లా బెల్లా కంపెనీ సెట్ 52-73-95-110. నిన్నటిదాకా నాకూ అదే కావాలనిపించింది. కానీ ఆయన ఒక్క చూపుడువేలితో రోజూ స్టూడియోలో వాయించినవాడు. నేను వారమంతా కంప్యూటర్ కీబోర్డు కొట్టి ఆదివారం బేస్ పట్టేవాణ్ణి. రెండో పాటకే చెయ్యి పట్టేస్తుంది. అదీగాక నా బేస్‌కి 105కి కోసిన నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో 110 సరిగ్గా కూర్చోదు, ఆకురాయి పెట్టాలి. నట్‌ని బట్టి చూస్తే మాత్రం ఆ కుర్రాడి 45-105 ఏ గొడవా లేకుండా దిగుతుంది. ఈ మాట వాడు చెప్పుంటే అక్కడే కొనేసేవాణ్ణేమో. నూరుకీ నూటైదుకీ తేడా అంగుళంలో 5 వెయ్యోవంతులు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు.

ఇప్పుడే 45-100కి ఆర్డర్ పెట్టాను. గాడి కాస్త వదులైనా పర్లేదు, తెరిచి కొట్టినప్పుడు గరగరమంటే అప్పుడు చూసుకుందాం. పాత రౌండ్ సెట్ పారేయను. ఈస్టర్‌కి యూత్ పిల్లలు ఎంచుకున్న పాటలకు ఫ్లాట్ మందంగా వినిపిస్తుంది, మళ్ళీ అవే ఎక్కించాల్సి రావచ్చు.